భాగాలు అసలువే, వాచీయే కాదు

2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ వేలం సంస్థ ఒక పాత ఒమేగా స్పీడ్‌మాస్టర్‌ను పాటకు పెట్టింది. 1957లో మొదటగా వచ్చిన 2915-1 రకం అది. 80 వేల నుంచి లక్షా 20 వేల స్విస్ ఫ్రాంకులు పలకొచ్చని అంచనా వేస్తే, పాట 31 లక్షల ఫ్రాంకులు దాటింది. నల్లగా ఉండాల్సిన డయల్ ఏళ్లు గడిచేకొద్దీ కాఫీ రంగుకు తిరిగింది. ఆ వెలిసిన రంగుకే అంత గిరాకీ. 2023లో అసలు సంగతి బయటపడింది. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన భాగాలతో కూర్చిన వాచీ అది. ఆ భాగాల్లో చాలావరకు ఒమేగా తయారుచేసినవే. మోసంలో తన మాజీ ఉద్యోగులు ముగ్గురి చెయ్యి ఉందని కంపెనీయే చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంతకీ వేలంలో ఆ వాచీని పాడుకున్నది కూడా ఒమేగానే, తన మ్యూజియం కోసం.

తయారుచేసినవాళ్లనే బోల్తా కొట్టించారంటే మనమెంత అని చేతులెత్తేయనక్కర్లేదు. మూడు నాలుగు లక్షలు పెట్టి సెకండ్ హ్యాండ్ రోలెక్స్ కొనేవారి కోసం అంత పకడ్బందీగా ఎవరూ మోసం అల్లరు. కానీ ఆ ఉదంతం ఒక సంగతి తేల్చింది. వాచీ చేతికివ్వగానే మన నోట వచ్చే మొదటి ప్రశ్న, "ఒరిజినలా, డూప్లికేటా?" ఈ బజారులో ఆ ప్రశ్న సరిపోదు. వాచీ అంటే కేసు, డయల్, ముళ్లు, మెషీన్, చెయిన్, కాగితాలు. ఒక్కోటీ అసలుదా, ఈ వాచీతో పుట్టిందేనా, ఎంత అరిగింది అని విడివిడిగా అడగాలి. ఒకే వాచీలో మెషీన్ నిఖార్సుగా ఉండి డయల్ మార్చినది కావచ్చు. అమ్మేవాడు "హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్ సార్" అన్నప్పుడు అబద్ధమాడి ఉండకపోవచ్చు కూడా. మీరు అడిగింది ఒకటి, అతను చెప్పింది మరొకటి.

ఒక ఉదాహరణ పట్టుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. రోలెక్స్ డేట్‌జస్ట్ 16234 తీసుకుందాం. 36 మిల్లీమీటర్ల స్టీలు వాచీ, అద్దం చుట్టూ వైట్ గోల్డ్ రింగు, అంటే బెజెల్, లోపల 1988లో వచ్చిన 3135 మెషీన్. తొంభైల్లో బాగా అమ్ముడైన రకం కాబట్టి మన దగ్గరా దొరుకుతూనే ఉంటుంది. 1990 నాటిది ఒకటి మీ ముందుకొచ్చిందనుకోండి. డయల్ అడుగున, ఆరు అంకె దగ్గర, సన్నటి అక్షరాలుంటాయి. ఆ కాలపు డయల్ అయితే "స్విస్" మాటతో పాటు "టి" అన్న అక్షరం ఉండాలి. చీకట్లో మెరిసే పూతలో ట్రీషియం వాడారని దాని గుర్తు. రోలెక్స్ 1998 ప్రాంతంలో ట్రీషియం మానేసింది. ఇప్పటి డయల్స్ మీద "స్విస్ మేడ్" అని ఉంటుంది. 1990 వాచీ మీద "టి" లేకుండా ఉత్త "స్విస్ మేడ్" కనబడితే, నకిలీ అని కేకలెయ్యకండి. ఎప్పుడో సర్వీసులో కంపెనీయే కొత్త డయల్ వేసి ఉండొచ్చు. అసలు డయలే, కానీ ఈ వాచీతో పుట్టింది కాదు. రోజూ పెట్టుకునేవాడికి అది లాభమే, రాత్రిపూట టైము కనిపిస్తుంది. కలెక్టరుకు మాత్రం ధర తగ్గించమని అడగడానికి అదో కారణం.

ట్రీషియం సగం జీవితకాలం సుమారు 12.3 ఏళ్లు. అంటే 1990లో పూసినది ఈపాటికి దాదాపు చచ్చిపోయి, గోధుమ రంగుకు తిరిగి ఉండాలి. డయల్ మీద చుక్కలు, ముళ్ల మీద పూత ఒకే రకంగా ముదిరి ఉండాలి. చుక్కలు పండిపోయి ముళ్లు మాత్రం తెల్లగా మెరుస్తుంటే ముళ్లు మార్చినట్టు. "టి" అక్షరమున్న డయల్ చీకట్లో గంటల తరబడి వెలుగుతుంటే పైన ఎవరో కొత్త పూత వేసినట్టు. జేబులో చిన్న టార్చి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంటే ఈ పరీక్షలన్నీ షాపులో నిలబడే చేసుకోవచ్చు.

డయల్ గురించి ఇంత సాగదీయడానికి కారణముంది. పాత వాచీ ధరలో పెద్ద వాటా దానిదే, పైగా డయల్‌ను తిరగరాయడంలో మన దేశానికి ప్రపంచవ్యాప్తంగా పేరుంది. మంచి పేరు కాదు. వెలిసిపోయిన హెచ్ఎంటీలు, ఫావ్రె-లూబాలు, వెస్ట్ ఎండ్ వాచీలు, సీకోలను శుభ్రం చేసి, డయల్ గీకేసి, కొత్త రంగేసి, కంపెనీ పేరు మళ్లీ అచ్చు కొట్టి ఇంటర్నెట్‌లో అమ్మే వ్యాపారం ముంబయి చుట్టూ పెరిగింది. విదేశీ కలెక్టర్లు వీటిని "ముంబయి స్పెషల్" అని వెక్కిరిస్తారు. కంపెనీ ఎన్నడూ చెయ్యని గులాబీ రంగు, చిలకపచ్చ డయల్స్ కనబడితే అవి ఈ కోవలోవే. నిమిషాల గీతలు ఒకచోట లావుగా ఒకచోట సన్నగా ఉండటం, లోగో అంచులు అలుక్కుపోయినట్టుండటం, స్విస్ వాచీ అయితే అడుగున "స్విస్" మాటే లేకపోవడం వీటి ఆనవాళ్లు.

మన ఇళ్లలో ఈ వాచీలకు వేరే విలువ ఉంది, అది ఎవరూ కాదనరు. సిటిజన్ సాయంతో 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టిన హెచ్ఎంటీ, 2016లో మూతపడేదాకా ఎందరి తాతల మణికట్టు మీదో ఉంది. ఫావ్రె-లూబా స్విస్ కంపెనీ అయినా మన దేశంలో ఎంత నడిచిందంటే 2011లో టైటానే దాన్ని కొనేసింది, తర్వాత 2023లో ఎథోస్ వాళ్ల చేతికి వెళ్లింది. తాతగారి ఫావ్రె-లూబా సీ చీఫ్ బాగుచేయించుకుని పెట్టుకోండి. కొత్త డయల్ వేసిన సీ చీఫ్‌ను "రేర్ పీస్" అంటే నమ్మి వేలు పొయ్యకండి.

తూకం చూడు, సెకన్ల ముల్లు జారుతున్నట్టు కదులుతుందో లేదో చూడు, తేదీ మీది అద్దం రెండున్నర రెట్లు పెద్దగా చూపిస్తుందో లేదో చూడు అన్న పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి. నాసి నకిలీలను పట్టుకోవడానికి అవి చాలు. ఇప్పుడు చైనా నుంచి వచ్చే మేలు రకం నకిలీల్లో బరువు, అద్దం సరేసరి, మెషీన్ కూడా రోలెక్స్ తరహాలో చేసి పెడుతున్నారు. వెనక మూత తెరిచి చూడనిదే తేలదు. అందుకే కొత్త రోలెక్స్ మోడళ్లలో, అంటే నకిలీలకు ఎక్కువ గిరాకీ ఉన్న సబ్‌మెరైనర్, డేటోనాల్లో, మూత తెరవనివ్వని అమ్మకందారు దగ్గర బేరమే వద్దు. తెరిచేది కూడా పనిముట్లున్న మెకానిక్ అయి ఉండాలి.

కేసు దగ్గరకొస్తే మనవాళ్ల బలహీనత మెరుపు. తళతళలాడితే బాగా వాడారనుకుంటాం. చాలాసార్లు అది తిరగబడుతుంది. బఫింగ్ మెషీన్ మీద పాలిష్ పట్టిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది. చెయిన్ తగిలించే కొమ్ములు సన్నబడతాయి, వాటి అంచున ఏటవాలుగా కోసిన చెక్కు మాయమవుతుంది, గరుకుగా ఉండాల్సిన చోట నునుపు వస్తుంది. గీతలు పడ్డ కేసును పాలిష్ పట్టించుకోవచ్చు, పోయిన లోహాన్ని తిరిగి తేలేరు. కాబట్టి నాలుగు కొమ్ములూ సమానంగా ఉన్నాయా అని పక్క నుంచి చూడండి, అదే మోడల్ కొత్తగా ఉన్నప్పటి ఫొటో పక్కన పెట్టుకుని మరీ. గీతలున్నా కొమ్ములు దిట్టంగా ఉన్న వాచీ దొరికితే నా ఓటు దానికే. చెయిన్‌ను అడ్డంగా పట్టుకుంటే చివర కిందికి వాలిపోతుందంటే లింకులు అరిగినట్టు. తొంభైల నాటి డేట్‌జస్ట్‌లకు వచ్చే జూబిలీ రకం చెయిన్లకు ఈ జబ్బు మామూలే, ధరలో తగ్గించుకోవాల్సిన విషయమే.

మన బజార్లలో ఎక్కువగా కనిపించే ఇంకోటి, బయట వజ్రాలు పొదిగించిన డయల్స్, బెజెల్స్. రాళ్లు మంచివే కావచ్చు. కానీ బయటి భాగాలు తగిలించిన వాచీని రోలెక్స్ సర్వీసుకు తీసుకోదు. వజ్రాల లెక్కన ధర చెబితే నవ్వి వచ్చెయ్యండి.

మెషీన్ మాట

ఈ ఒక్క విషయంలో కంటిచూపు, నోటిమాట పనికిరావు, కొలత కావాలి. టైమ్‌గ్రాఫర్ అనే చిన్న యంత్రం ముందు వాచీ పెడితే టిక్కుటిక్కులు విని మూడు సంగతులు చెబుతుంది. రోజుకు ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతోంది, బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోంది, అటూ ఇటూ ఊపు సమానంగా ఉందా లేదా. అందరూ మొదటి అంకె చూసి తృప్తిపడతారు. అసలు చూడాల్సింది రెండోది. రోజుకు రెండు సెకన్ల తేడా అని చూపిస్తున్న వాచీ కూడా లోపల నూనె ఎండిపోయి ఈడుస్తూ ఉండొచ్చు, వేగం సర్దే రెగ్యులేటర్‌ను కాస్త జరిపి ఆ అంకె తెప్పించడం మెకానిక్‌కు నిమిషాల పని. ఊపును అలా తెప్పించలేరు. నిండా కీ ఇచ్చి డయల్ పైకి పెట్టినప్పుడు 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. నిలబెట్టినప్పుడు కొంత తగ్గడం సహజం. 220 కిందికి పడిపోతే సర్వీసు ఖర్చు మీ నెత్తిన పడబోతోందని అర్థం. ఒక జాగ్రత్త. ఊపును లెక్కించడానికి యంత్రం వాడే కోణం ఒకటుంది, లిఫ్ట్ యాంగిల్ అంటారు, ఆ మెషీన్‌కు తగినది పెట్టాలి. చాలా స్విస్ మెషీన్లకు 52 డిగ్రీల చుట్టూ ఉంటుంది, ఒమేగా కో-యాక్సియల్ రకం మెషీన్లకు 38. ఇది తప్పు పెడితే మంచి వాచీ రోగిష్టిగా కనిపిస్తుంది, లేదా తిరగబడి.

టైమ్‌గ్రాఫర్ చెప్పనిది ఒకటుంది, అరుగుదల. 3135లో తిరుగుతూ కీ ఎక్కించే రోటర్ ఇరుసు అరగడం తెలిసిన లోపం. నూనె లేకుండా ఏళ్లు నడిస్తే రోటర్ ఒరిగి కింది ప్లేటును గీకుతుంది. మూత తెరిచినప్పుడు ఆ గీకుడు గుర్తులు, ఇత్తడి పొడి లాంటి మరక కనబడతాయి. "పదిహేనేళ్లుగా సర్వీసే అవసరం రాలేదు సార్, అంత గట్టి వాచీ" అన్న మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చేది ఈ గీకుడే.

సర్వీసు అంటే ఏం చేస్తారు? మెషీన్‌ను పూర్తిగా విప్పి, కడిగి, అరిగినవి మార్చి, ఒక్కో చోట ఒక్కో రకం నూనె వేసి, తిరిగి కూర్చి, అన్ని భంగిమల్లో సరిచేసి, నీటి పరీక్ష చేస్తారు. వెనక మూత తీసి రెండు చుక్కల నూనె వేసే "ఆయిలింగ్" సర్వీసు కాదు, ఆ నూనె దుమ్ముతో కలిసి ఇంకా హాని చేస్తుంది. రోలెక్స్ సుమారు పదేళ్లకోసారి, ఒమేగా ఐదు నుంచి ఎనిమిదేళ్లకోసారి చేయించమంటాయి. రెండూ ఆ పనికి రెండేళ్ల గ్యారంటీ ఇస్తాయి.

కంపెనీ దగ్గరికా, బయటి మెకానిక్ దగ్గరికా? ఇక్కడే పెట్టుకునేవాడి దారి, కలెక్టరు దారి విడిపోతాయి. కంపెనీ సర్వీసుకు అరిగినది, పాతబడినది నచ్చదు. ముళ్లు మారుస్తుంది, డయల్ మారుద్దామంటుంది, కేసుకు పాలిష్ పట్టి తళతళలాడించి ఇస్తుంది. రోజూ పెట్టుకునే 2005 నాటి వాచీకి అది వరమే. 1960ల నాటి వాచీని అలా పంపితే, తిరిగొచ్చేసరికి కొన్న ధరలో పెద్ద భాగం చెత్తబుట్టలో పడి ఉండొచ్చు. పాలిష్ వద్దు, డయల్ ముట్టొద్దు, తీసిన భాగాలు తిరిగివ్వండి అని ముందే రాతపూర్వకంగా చెప్పాలి. బయటి మెకానిక్ ఈ మాట వింటాడు, ఖర్చూ తక్కువ. కానీ అతనికి విడిభాగాలు దొరకవు. స్వాచ్ గ్రూపు, అంటే ఒమేగా, లాంజీన్, టిస్సోలతో పాటు ఈటీఏ మెషీన్ల తయారీదారు, 2015 ముగిసేసరికి స్వతంత్ర దుకాణాలకు విడిభాగాల సరఫరాకు తలుపులు మూసింది. రోలెక్స్ సంగతి చెప్పనక్కర్లేదు. అందుకని ఇంకో పాత వాచీ విప్పి అందులో భాగం తీసి ఇందులో వేస్తారు. పని నడుస్తుంది. మొదట్లో చెప్పుకున్నలాంటి అతుకుల వాచీ కూడా చిన్న ఎత్తున అలాగే పుడుతుంది, ఏ దురుద్దేశమూ లేకుండానే.

మొదటిసారి కొనేవారికి నా సలహా సూటిగా చెబుతాను. యాభై ఏళ్ల నాటి వాటి జోలికి పోకండి. 15 నుంచి 25 ఏళ్ల వయసున్న, సఫైర్ (నీలమణి) అద్దం ఉన్న, స్టీలు కేసు వాచీ తీసుకోండి. లోపల మెషీన్ పదిమంది మెకానిక్‌లకు తెలిసినదై ఉండాలి. కంపెనీ సర్వీసుకు ఎంతవుతుందో కొనకముందే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కుని, ఆ మొత్తాన్ని ధరకు కలుపుకుని చూడండి. స్టాప్‌వాచ్ కూడా ఉండే క్రోనోగ్రాఫ్ అయితే ఆ ఖర్చు ఇంకా పెరుగుతుంది. సర్వీసు రసీదు లేని నాలుగు లక్షల వాచీ కంటే, నిరుడు కంపెనీలో చేయించిన బిల్లుతో వచ్చే నాలుగున్నర లక్షల వాచీయే చాలాసార్లు చవక.

కాగితాలు, పన్నులు, కస్టమ్స్

పెట్టె, కార్డు ఉంటే ధర పెరుగుతుంది. దానితోనే అన్నీ తేలిపోయాయనుకోవద్దు, ఖాళీ పెట్టెలు, కార్డులు కూడా విడిగా అమ్ముడవుతాయి. మనం చెప్పుకున్న 1990 నాటి డేట్‌జస్ట్ చెయిన్ విప్పితే కొమ్ముల మధ్య, 12 వైపు మోడల్ నంబరు, 6 వైపు సీరియల్ నంబరు ఉంటాయి. కార్డుతో అవి సరిపోలాలి. పాటెక్ ఫిలిప్ లాంటి కంపెనీలు తమ రికార్డుల నుంచి పత్రం ఇస్తాయి, రోలెక్స్ ఇవ్వదు. దొంగసొత్తు భయముంటే లండన్‌లోని వాచ్ రిజిస్టర్‌లో సీరియల్ నంబరు వెతికించుకోవచ్చు, కొంత రుసుము తీసుకుంటారు. దొంగసొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. అమ్మినవారి గుర్తింపు కార్డు నకలు, సీరియల్ నంబరు రాసిన బిల్లు దాచుకోండి.

నగదు బేరం వద్దు. ఒకే లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారమే నిషిద్ధం. జీఎస్టీలో సెకండ్ హ్యాండ్ వ్యాపారికి ఒక వెసులుబాటు ఉంది. అతను ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను మినహాయింపు, తీసుకోకపోతే, మొత్తం ధర మీద కాకుండా తన లాభం మీదే 18 శాతం కడతాడు. 4 లక్షలకు కొని 4 లక్షల 60 వేలకు అమ్మితే పన్ను పడేది 60 వేల మీదే. "బిల్లు కావాలంటే 18 శాతం అదనం" అని ఎవరైనా అంటే ఈ లెక్క అడగండి. 10 లక్షలు దాటిన చేతి వాచీలకు 2025 ఏప్రిల్ 22 నుంచి వ్యాపారి ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తున్నాడు. అది రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటవుతుంది.

క్రోనో24 లాంటి వెబ్‌సైట్లలో జపాన్ వ్యాపారుల ధరలు చూసి నోరూరుతుంది. ఆర్డరు పెట్టేముందు తెలుసుకోవాల్సింది, యంత్రసామగ్రి కాని పాత వస్తువుల దిగుమతికి మన విదేశీ వాణిజ్య విధానం ప్రకారం ప్రత్యేక అనుమతి కావాలి. పార్సిల్ కస్టమ్స్‌లో ఇరుక్కుంటే విడిపించుకోవడం డబ్బు ఒక్కటే పెడితే అయ్యే పని కాదు. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బావగారితో తెప్పించుకోవడం మన ఇళ్లలో ఎక్కువ. సుంకం లేకుండా తెచ్చుకోగల పరిమితి దాటిన వాచీ అయితే శంషాబాద్‌లో ఆయన రెడ్ చానెల్‌లోకి వెళ్లి డిక్లేర్ చెయ్యాలి. చేతికి పెట్టుకున్నాడు కదా అని వదిలెయ్యరు, పట్టుబడితే ఆయన ప్రయాణం, మీ బంధుత్వం రెండూ పాడవుతాయి. మీరే ఖరీదైన వాచీతో విదేశం వెళ్తుంటే, బయల్దేరేటప్పుడు కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు వాదన ఉండదు.

పెట్టుబడి అని కొంటున్నవారికి ఒక మాట. కోవిడ్ తర్వాత ఎగబాకిన సెకండ్ హ్యాండ్ ధరలు 2022 తొలి నెలల్లో శిఖరానికి చేరి తర్వాత బాగా దిగాయి. పాటెక్ నాటిలస్ 5711ను కంపెనీ ఆపేస్తుందని 2021లో తెలిశాక, ధర శిఖరం దగ్గర ఉన్నప్పుడు వెర్రిగా కొన్నవారిలో చాలామంది ఇంకా ఆ ధర చూడలేదు. పైగా స్విట్జర్లాండ్ సభ్యదేశంగా ఉన్న ఐరోపా వాణిజ్య కూటమి ఈఎఫ్‌టీఏతో మన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది, స్విస్ వాచీల మీద కస్టమ్స్ సుంకం ఏటా కొంత చొప్పున తగ్గుతూ పోతుంది. కొత్త వాచీ చవకవుతుంటే పాతదాని ధర పట్టు కొంత సడలుతుంది.

ఇంటికి తెచ్చాక

మన వాతావరణంలో మొదటి శత్రువు చెమట, తేమ. అద్దం, మూత, కీ దగ్గర ఉండే రబ్బరు వాషర్లు వయసుతో గట్టిపడతాయి. కాబట్టి "100 మీటర్లు" అన్న రాత కొత్తగా ఉన్ననాటి మాట. 30 మీటర్లంటే చేతులు కడుక్కోవడానికే, ఈతకు కాదు. సెకండ్ హ్యాండ్ వాచీని ప్రెజర్ టెస్ట్ చేయించకుండా బీచ్‌కు, వేడినీళ్ల స్నానానికి తీసుకెళ్లకండి. విశాఖ, కాకినాడల్లాంటి తీరపు ఊళ్లలో ఏడాదికోసారి ఆ పరీక్ష చేయించడం మంచిది. అద్దం లోపల ఆవిరి కనబడితే బియ్యం డబ్బాలో పెట్టి కూర్చోవద్దు, ఆ రోజే మెకానిక్‌కు చూపించాలి. తేమ నిలిస్తే డయల్ కూడా పాడవుతుంది.

చెమటతో కలిసిన దుమ్ము చెయిన్ లింకుల మధ్య చేరి పిన్నులను అరగదీస్తుంది. కీ బిగించి ఉందని చూసుకుని, గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్‌తో నెలకోసారి కడిగితే చాలు. ప్రెజర్ టెస్ట్ కానిదైతే చెయిన్ విప్పి విడిగా కడగండి. తోలు పట్టీ ఏప్రిల్, మే నెలల్లో దండగ, రబ్బరుదో స్టీలుదో వాడుకోవచ్చు.

వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంటే సర్వీసుకు పంపేముందు అయస్కాంతాన్ని అనుమానించండి. ఫోను కవర్లు, ఇయర్‌ఫోన్ల డబ్బా మూతలు, ల్యాప్‌టాప్, బీరువాలో పక్కన పెట్టిన స్పీకరు, వీటన్నిట్లో అయస్కాంతాలున్నాయి. దిక్సూచి ముల్లు వాచీ దగ్గర ఊగితే తేలిపోతుంది. డీమ్యాగ్నెటైజర్‌తో క్షణాల్లో పోతుంది, ఆ యంత్రం ఖరీదు కూడా ఎక్కువేం కాదు.

రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజామున మూడుకీ మధ్య తేదీ మార్చకండి. చాలా మెషీన్లలో ఆ వేళ తేదీ పళ్లచక్రం కరుచుకుని ఉంటుంది, బలవంతంగా తిప్పితే పన్ను విరుగుతుంది. ఆగిపోయిన వాచీలో అది పగలో రాత్రో తెలియదు కాబట్టి, ముళ్లను ముందుకు తిప్పి తేదీ మారాక ఉదయం ఆరు దాటించి, అప్పుడు తేదీ పెట్టుకోవాలి. తిప్పుతూ ఉంచే వైండర్ పెట్టె మామూలు ఆటోమేటిక్‌కు అక్కర్లేదు.

కార్టియే ట్యాంక్ లాంటి సెల్లు వాచీ అయితే, సెల్లు అయిపోయాక అలాగే లాకర్‌లో పెట్టేయడమే అన్నిటికంటే పెద్ద హాని. కారిన సెల్లు మెషీన్‌ను తినేస్తుంది. ఆగిన రోజే సెల్లు తీయించాలి, కొత్తది వెయ్యకపోయినా సరే.